పెళ్లి కార్తీకంలో, సర్టిఫికెట్ జనవరిలో: అమెరికా పన్ను రిటర్నులో ఏ స్టేటస్ రాయాలి?

ప్రశ్న: నేను 2022 నుంచి హెచ్-1బి వీసాపై డాలస్‌లో పనిచేస్తున్నాను. జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. మూఢం వస్తుందని పెద్దలు తొందరపడి 2025 నవంబరులో, కార్తీక మాసంలోనే గుంటూరులో మా పెళ్లి చేశారు. మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం 2026 జనవరిలో చేతికి వచ్చింది. నా భార్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. 2025లో ఆమెకు సుమారు 7 లక్షల రూపాయల జీతం వచ్చింది. మామగారు ఆమె పేరున వేసిన 20 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్ రెండేళ్లుగా ఉంది. చిన్న మొత్తాల్లో మ్యూచువల్ ఫండ్ సిప్‌లూ ఉన్నాయి. పసుపు కుంకుమల కింద ఎకరం పొలం రాస్తామని కూడా అంటున్నారు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకు ఇచ్చే వీసా) స్టాంపింగ్ ఇంకా కాలేదు, ఆమె ఇంతవరకు అమెరికా రాలేదు. నా రూమ్మేట్లలో ఒకరు సింగిల్ అని ఫైల్ చెయ్యమంటున్నారు. తల్లిదండ్రులకు డబ్బు పంపుతున్నావు కాబట్టి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (కుటుంబ పోషకుడు) అని పెట్టుకోవచ్చని మరొకరు చెబుతున్నారు. ఏది సరైనది?

జవాబు: ఆ రెండూ సరైనవి కావు. వాటిని ఇప్పుడే పక్కన పెట్టేయండి.

అమెరికా పన్ను చట్టం మీ వివాహ స్థితిని ఒకే ఒక్క రోజున చూస్తుంది. అది డిసెంబరు 31. ఆ రోజుకు పెళ్లయి ఉంటే ఏడాది మొత్తానికీ వివాహితుల కిందే లెక్క. పెళ్లి జరిగిన చోట అది చట్టబద్ధమైతే చాలు, అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ గుర్తిస్తుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆచారబద్ధంగా జరిగిన పెళ్లి ఆనాడే పూర్తయినట్టు. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే, ఆలస్యమైనంత మాత్రాన పెళ్లి తేదీ మారదు. కాబట్టి మీరు 2025 నవంబరు నుంచే వివాహితులు. సర్టిఫికెట్‌లో పెళ్లి జరిగిన తేదీ సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి. రేపు హెచ్-4 ఇంటర్వ్యూలోనూ అదే తేదీ చెప్పాలి. భార్య కోసం వీసా అడుగుతూ పన్ను కాగితంలో సింగిల్ అని రాసి ఉంటే, అడిగిన అధికారికి మీరు ఏ సమాధానమూ చెప్పలేరు.

పైగా ఆ తప్పు రాసినందువల్ల మీకు మిగిలేది ఏమీ లేదు. మీ జీతం స్థాయిలో సింగిల్‌కూ, పెళ్లయినవారు విడిగా వేసే మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీకీ 2025లో స్టాండర్డ్ డిడక్షన్ ఒకటే, 15,750 డాలర్లు. పన్ను శ్లాబులూ ఒకటే. అంటే అబద్ధం రాసినా అదే పన్ను, నిజం రాసినా అదే పన్ను.

హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ సంగతి వేరు. అది నిజంగానే పన్ను తగ్గిస్తుంది, అందుకే మనవాళ్లలో ఈ సలహా బాగా తిరుగుతోంది. భార్య నాన్‌రెసిడెంట్ (పన్ను లెక్కలో అమెరికా నివాసి కానివారు) అయితే ఈ స్టేటస్ కోసం మిమ్మల్ని అవివాహితుడిగా పరిగణించే వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే మీపై ఆధారపడే అర్హుడైన మరో వ్యక్తి ఉండాలి, భార్య ఆ లెక్కలోకి రారు. తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపాలంటే వారు అమెరికా పౌరులో, అమెరికా రెసిడెంట్లో, లేదా కెనడా, మెక్సికోలలో నివసించేవారో అయి ఉండాలి. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు మీరు నెలనెలా ఎంత పంపినా ఈ నిబంధన మారదు. నోటీసు వస్తే పన్ను తేడా కట్టాలి, వడ్డీ కట్టాలి, దానిపై 20 శాతం దాకా జరిమానా కూడా పడవచ్చు.

ఇక మిగిలినవి రెండు దారులు: సెపరేటు, జాయింటు. మన దేశంలో ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్ను వారిది. భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వెయ్యడం మనకు అలవాటు లేని పద్ధతి కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

మీరొక్కరే సెపరేటుగా వేస్తే 1,20,000లో 15,750 పోగా మిగిలిన 1,04,250 డాలర్లపై 17,867 డాలర్ల పన్ను పడుతుంది. మీ భార్యకు అమెరికాతో ఏ సంబంధమూ ఉండదు. ఆమె జీతం, డిపాజిట్, పొలం ఏదీ ఇక్కడ చెప్పనక్కరలేదు. టెక్సస్‌లో భర్త జీతంలో సగం భార్యదే కాబట్టి సగమే చూపవచ్చని ఎవరైనా అంటే వినకండి. ఆ రాష్ట్రంలో దంపతుల ఉమ్మడి ఆస్తి చట్టం ఉన్నా, ఒకరు నాన్‌రెసిడెంట్ అయినప్పుడు జీతం సంపాదించినవారి ఖాతాలోనే పడుతుంది.

జాయింటుగా వెయ్యాలంటే ఒక షరతు ఉంది. మీ భార్య అమెరికాలో ఒక్కరోజు కూడా లేకపోయినా, 2025 మొత్తానికీ ఆమెను అమెరికా రెసిడెంట్‌గా పరిగణించమని మీరిద్దరూ కలిసి కోరాలి. ఇద్దరూ సంతకం చేసిన ఒక ప్రకటనను రిటర్నుకు జత చేస్తే ఆ ఎంపిక అమలులోకి వస్తుంది. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు అవుతుంది, 12 శాతం శ్లాబు 96,950 డాలర్ల దాకా విస్తరిస్తుంది. బదులుగా ప్రపంచంలో ఎక్కడ వచ్చినా సరే, ఆమె 2025 ఆదాయమంతా అమెరికా రిటర్నులోకి ఎక్కాలి.

ఈ చివరి మాట దగ్గరే చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు. మీ విషయంలో లెక్క వేసి చూద్దాం. డాలరుకు సుమారు 87 రూపాయల చొప్పున ఆమె జీతం 8,000 డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఏడాదంతా ఇండియాలోనే ఉండి పనిచేశారు కాబట్టి విదేశాల్లో సంపాదించిన జీతానికి ఇచ్చే మినహాయింపు ఆమెకు దొరుకుతుంది. వరుసగా ఏ 12 నెలల్లోనైనా 330 పూర్తి రోజులు విదేశంలో ఉంటే చాలు, 2025కు పరిమితి 1,30,000 డాలర్లు. ఫారం 2555 నింపి ఆమె జీతం మొత్తాన్ని మినహాయించవచ్చు. ఆ జీతం మీ శ్లాబును కొద్దిగా పైకి నెడుతుంది, అంతే. డిపాజిట్ వడ్డీకి మాత్రం ఈ మినహాయింపు లేదు. వడ్డీ 7 శాతం అనుకుంటే 1.4 లక్షలు, అంటే 1,600 డాలర్లు మీ ఆదాయంలో కలుస్తాయి. అన్నీ కలిపినా జాయింటు పన్ను సుమారు 10,600 డాలర్లు. సెపరేటుతో పోలిస్తే మీకు 7,200 డాలర్ల పైచిలుకు మిగులుతుంది.

కాబట్టి నా సలహా జాయింటే. మీ భార్య నిరుడు హైదరాబాద్‌లో ఫ్లాటు అమ్మి పెద్ద లాభం చూసి ఉన్నా, ఆమె పేరున పెద్ద వ్యాపారమో కోట్లలో మ్యూచువల్ ఫండ్లో ఉన్నా ఇంత తేలిగ్గా చెప్పేవాడిని కాను.

ఆ సిప్‌ల సంగతి ఇక్కడే చెప్పాలి. మన మ్యూచువల్ ఫండ్లను అమెరికా చట్టం విదేశీ పెట్టుబడి కంపెనీల కింద చూస్తుంది. వాటి లాభాలపై పన్ను వేసే పద్ధతి చాలా కఠినం. అవి ఎన్నేళ్లు మీ దగ్గర ఉన్నాయో చూసి వడ్డీ కూడా కలుపుతారు. జాయింటు రిటర్నులో వీటి మొత్తం విలువ 50,000 డాలర్లు దాటకుండా, ఏ అమ్మకమూ పెద్ద పంపిణీ ఏదీ లేకుండా ఉంటే వీటిని విడిగా చూపే ఫారం 8621 అవసరం ఉండదు. మీవి చిన్న మొత్తాలే అంటున్నారు కాబట్టి 2025కు ఇబ్బంది లేదు. కొత్త వాయిదాలు ఆపేయించండి, లాభం కొద్దిగా ఉన్నప్పుడే బయటపడే ఆలోచన చెయ్యండి. ఏళ్ల తరబడి పెరగనిస్తే తర్వాత బాధపడతారు.

పీపీఎఫ్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి అమెరికాలోనూ లేదని అనుకోకూడదు. మీ సొంత ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీ కూడా అంతే. పెళ్లికి ముందు నుంచీ మీకు అలాంటి ఖాతా ఉండి ఇన్నేళ్లూ చూపకపోతే, ఈ రిటర్నుతో పాటు పాతవీ సరిచేసుకోండి. ఇండియాలోని మీ ఖాతాలు, మీ సంతకం చెల్లే ఉమ్మడి ఖాతాలు అన్నిటి గరిష్ఠ నిల్వ ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) విడిగా వెయ్యాలి. విదేశీ ఆర్థిక ఆస్తులను చూపే ఫారం 8938 పరిమితి ఎక్కువ. అమెరికాలో ఉండి జాయింటుగా వేసేవారికి ఏడాది చివర 1,00,000 డాలర్లు, లేదా మధ్యలో ఎప్పుడైనా 1,50,000 డాలర్లు దాటితే వర్తిస్తుంది. ఆమె ఒంటిమీది, లాకరులోని బంగారాన్ని ఈ ఫారంలో చూపనక్కరలేదు. ఆమె పేరునే నేరుగా ఉన్న పొలమూ అంతే, అయితే కౌలు డబ్బు వస్తే ఆదాయంగా చూపాలి. ఎలాగూ రాయాలనుకుంటున్న పొలాన్ని ఆమె అమెరికా వచ్చేలోపే రిజిస్టర్ చేయించమని మామగారికి చెప్పండి. ఆమె ఇక్కడికి వచ్చి నిజంగా రెసిడెంట్ అయ్యాక విదేశంలోని వ్యక్తుల నుంచి ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి కానుకలు అందితే పన్ను లేకపోయినా ఫారం 3520 వెయ్యాలి, మరిచిపోతే జరిమానా కానుక విలువలో 25 శాతం దాకా పోవచ్చు. ఎకరం ధర ఎలా ఉందో మీకు తెలియనిది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆమెకు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు. హెచ్-4పై వచ్చినా, పని అనుమతి వచ్చేదాకా ఇవ్వరు. కాబట్టి ఐటిన్, అంటే ఎస్‌ఎస్‌ఎన్ లేనివారికి ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు, కావాలి. దానికి ఫారం డబ్ల్యూ-7 నింపి, రిటర్నుకు జత చేసి, ఆమె పాస్‌పోర్టు రుజువుతో కలిపి పోస్టులో పంపాలి. స్టాంపింగ్ మిగిలి ఉండగా అసలు పాస్‌పోర్టును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపవద్దు. అది అక్కడ వారాల తరబడి ఉండిపోతుంది, ఈలోగా ఇంటర్వ్యూ తేదీ వస్తే మీరు చెయ్యగలిగింది ఉండదు. ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న సర్టిఫైయింగ్ అక్సెప్టెన్స్ ఏజెంట్లు ఇండియాలోనూ ఉన్నారు, వారి జాబితా ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో దేశాల వారీగా ఉంటుంది. వారు అసలు పాస్‌పోర్టు చూసి, ధ్రువీకరించి, వెంటనే తిరిగి ఇచ్చేస్తారు. కొంత రుసుము తీసుకుంటారు, మీకు మిగిలే 7,200 డాలర్ల ముందు అది లెక్కలోది కాదు.

ఇదంతా ఏప్రిల్ 15లోపు కాకపోతే కంగారు పడకండి. ఆ తేదీలోపు ఫారం 4868 వేస్తే రిటర్ను గడువు అక్టోబరు 15 దాకా పెరుగుతుంది. పన్ను కట్టే గడువు పెరగదు. కానీ మీ కంపెనీ ఇప్పటిదాకా సింగిల్ లెక్కనే కోసుకుని ఉంటుంది కాబట్టి మీరు కట్టాల్సింది ఉండకపోగా, వాపసే రావాలి. పే స్టబ్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఆమె జీతానికి ఫారం-16 మీద ఆధారపడితే పొరపాటు జరుగుతుంది. అది ఏప్రిల్ నుంచి మార్చి వరకు, మనకు కావలసింది జనవరి నుంచి డిసెంబరు వరకు. 12 నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు వడ్డీ స్టేట్‌మెంటు ఇప్పుడే తెప్పించుకోండి.

వాపసు డబ్బు తొందరగా కావాలని కొందరు ముందు సెపరేటుగా వేసి, ఐటిన్ పని చూసుకుని, తర్వాత సవరణ రిటర్ను ఫారం 1040-ఎక్స్‌తో జాయింటుగా మారుస్తారు. అసలు గడువు నుంచి మూడేళ్ల దాకా అలా మార్చుకోవచ్చు, తప్పేమీ లేదు. ఒకసారి జాయింటుగా వేశాక, గడువు దాటితే సెపరేటుకు వెనక్కి రాలేరు. నాకైతే గడువు పొడిగించుకుని ఒకేసారి సరిగ్గా వెయ్యడమే ఇష్టం. రెండుసార్లు వేస్తే ఖర్చూ రెండింతలు, ప్రశ్నలూ రెండింతలు.

మీ భార్యతో మాట్లాడకుండా ఈ పని మొదలుపెట్టకండి. జాయింటు రిటర్నుపై సంతకం చేస్తే అందులోని పన్నుకు, తప్పులకు ఇద్దరూ పూర్తి బాధ్యులు. మీ జీతం గురించి, మీ ఖాతాల గురించి ఆమెకు అన్నీ తెలియాలి. ఆమె రిటర్నును చదివి, అడగాల్సినవి అడిగిన తర్వాతే సంతకం పెట్టాలి. ఈ ఎంపిక ఒక్క ఏడాదితో అయిపోదని కూడా చెప్పండి. మీరు ఆపేదాకా ప్రతి ఏడాదీ కొనసాగుతుంది, ఒకసారి ఆపితే మీరిద్దరూ మళ్లీ ఎన్నడూ దీన్ని కోరలేరు. 2026లో ఆమె అక్కడే ఉండి సంపాదించినా ఆ ఆదాయమూ ఇక్కడ చూపాలి. ఇండియాలో ఆమె రిటర్ను ఆమె ఎప్పటిలాగే విడిగా వేసుకోవాలి.

ఇద్దరూ సరేననుకుంటే, జీతంలో పన్ను ఎంత కోయాలో చెబుతూ కంపెనీకి ఇచ్చిన డబ్ల్యూ-4 ఫారంలో ఈ నెలే స్టేటస్ మార్చండి. 2026లో మిగిలే డబ్బు కోసం మరుసటి వసంతం దాకా ఆగక్కరలేదు, ప్రతి జీతంలోనే చేతికి అందుతుంది.