గ్వాంగ్‌జౌ ఎయిర్‌పోర్టు ఇంత పెద్దది ఎలా అయింది?

చైనాలోని గ్వాంగ్‌జౌ ఎయిర్‌పోర్టు అంత తొందరగా ఎలా పెరిగిందని అడిగారు. విజయవాడలో మాది ఫ్యాన్సీ లైట్ల షాపు. సరుకు కోసం 2008 నుంచి వెళ్లొస్తున్నాను కాబట్టి, నా కళ్లతో చూసిందే ఎక్కువ చెబుతాను.

మొదటిసారి వెళ్లింది 2008 అక్టోబరులో, కాంటన్ ఫెయిర్‌కి, అంటే అక్కడ జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శనకి. అప్పటికి మన శంషాబాద్ కూడా కొత్తే. బ్యాగుకి కట్టిన ట్యాగ్ మీద 'సీఏఎన్' అని చూసి, బ్యాగు కెనడా పోతుందేమోనని కంగారుపడ్డాను. కాంటన్ ఆ ఊరి పాత పేరు, కోడ్ అలాగే ఉండిపోయింది. ఎయిర్‌పోర్టు పేరు బైయున్, అంటే తెల్లమబ్బు. పాత ఎయిర్‌పోర్టు పక్కనున్న కొండ పేరు అది.

మన బేగంపేట కథే అక్కడా జరిగింది. 1932 నాటి ఎయిర్‌పోర్టుని ఊరు చుట్టేసింది, ఒకవైపు కొండ, పెంచుదామంటే చోటు లేదు. 2004 ఆగస్టు 5న ఊరికి ఉత్తరాన, సుమారు 28 కిలోమీటర్ల దూరంలో కొత్తది తెరిచారు. పాతదాన్ని బేగంపేటలా ఉంచలేదు, పూర్తిగా మూసేశారు. అక్కడిప్పుడు మాల్స్, మెట్రో స్టేషన్లు.

నాకు కనిపించే అసలు కారణం సరుకే. చుట్టుపక్కల ఒక్కో ఊరు ఒక్కో వస్తువుకి పేరు. టైల్స్‌కి ఫోషాన్, మా లైట్లకి జోంగ్‌షాన్‌లోని గుజెన్. కొనేవాళ్లు ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో ఫెయిర్‌కని దేశదేశాల నుంచి దిగుతారు. కొరియర్ కంపెనీ ఫెడెక్స్ కూడా తన ఆసియా హబ్‌ని 2009లో ఫిలిప్పీన్స్ నుంచి ఇక్కడికే మార్చింది. చైనా సదరన్ విమాన సంస్థకి ఇదే సొంతిల్లు. 2019లో 7.3 కోట్ల మంది ప్రయాణించారు. 2020లో 4.37 కోట్లకి పడిపోయినా ప్రపంచంలో మొదటి స్థానం దీనిదే. అది గొప్పేమీ కాదులెండి, అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న అమెరికాలోని అట్లాంటా ఎయిర్‌పోర్టు కోవిడ్‌తో అంతకన్నా ఎక్కువ దెబ్బతింది.

ఈ పెరుగుదల నాకు బాగా అర్థమైంది 2019లో. తిరుగు ప్రయాణంలో పాత అలవాటుకొద్దీ మెట్రోలో ఎయిర్‌పోర్ట్ సౌత్ స్టేషన్లో దిగాను. చేతిలో బబుల్ ర్యాప్ చుట్టిన గాజు శాంపిళ్ల డబ్బా. కౌంటర్లో అమ్మాయి టికెట్ చూసి రెండు వేళ్లు చూపించింది. రెండో కౌంటర్ అనుకుని ఆ లైన్లో పావుగంట నిలబడ్డాను! తీరా చూస్తే ఆమె చెప్పింది టెర్మినల్ 2 అని. అది 2018 ఏప్రిల్‌లో తెరిచారు, చైనా సదరన్ విమానాలు అటు వెళ్లిపోయాయి. మళ్లీ కిందికి దిగి, మెట్రోలో ఇంకో స్టేషన్ వెళ్లేసరికి చచ్చేంత టెన్షన్. ఫ్లైట్ దొరికింది, గాజు కూడా పగల్లేదు.

2025 అక్టోబరు 30న టెర్మినల్ 3, ఐదో రన్‌వే కూడా మొదలయ్యాయి. ఈ టెర్మినల్ తూర్పు వైపున, విడిగా ఉంది. మీరు వెళ్తుంటే టికెట్ మీద టెర్మినల్ నంబరు చూసుకున్నాకే బయల్దేరండి.