ఇర్వింగ్ పెన్ ఫోటోలో ముందు వెనకున్న తెర చూడండి

అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ తీసిన ఫ్యాషన్ ఫోటోల శైలి మీద, అర్థం మీద కాలేజీలో వ్యాసం రాయమన్నారనీ, ఎంత చూసినా ఒక మనిషీ వెనక ఖాళీ గుడ్డా తప్ప ఏమీ కనిపించడం లేదనీ అడిగారు. ఆ ఖాళీ గుడ్డ దగ్గరే మొదలుపెట్టండి. నాకు ఆయన అర్థమైంది అక్కడి నుంచే.

తిరుపతిలో మాకు ఫోటో స్టూడియో ఉంది. నాన్న నడిపేవారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నాన్న కాలంలో కొండ దిగి వచ్చినవాళ్లు గుండ్ల మీద గంధంతో, ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడేవాళ్లు. వెనక ఏడుకొండలూ గోపురమూ వేసిన రంగుల తెర. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలకు మాత్రం బూడిదరంగు తెర ఒకటి ఉండేది. దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

కొన్నేళ్ల కిందట ఒక చీరల షాపువాళ్లు వెంకటగిరి చీరలు ఫోటోలు తీయమన్నారు. మోడల్‌ని చంద్రగిరి కోట దగ్గరికి తీసుకెళ్లాను. ఫోటోలు చాలా బాగా వచ్చాయనుకున్నాను. షాపాయన వాటిని చూసి, "కోట బాగుంది, చీర ఏదీ?" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు లైట్లన్నీ ఆపేసి, ఉత్తరం వైపు కిటికీ తెరిచి, ఆ బూడిదరంగు తెర ముందు ఆ అమ్మాయినే నిలబెట్టాను. వెంకటగిరి నూలు ఎంత పలచనో మీకు తెలిసే ఉంటుంది. కొంగు వెనక ఆమె వేళ్లు కనిపించాయి. జాందానీ బుటాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించాయి. అంచు జరీ మెరవకుండా, నెమ్మదిగా వెలిగింది.

తర్వాత పెన్ 1950లో పారిస్‌లో వోగ్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం తీసిన ఫోటోలు చూశాను. నాకు తెలిసిన గదిలాగే అనిపించింది. పై అంతస్తులో పగటి వెలుతురు పడే ఒక స్టూడియో, పాత నాటకశాల తెర ఒకటి, అంతే. ఆ తెర ఆయనకు ఎంత నచ్చిందంటే జీవితాంతం దాచుకుని వాడుకున్నారు. మరకమరకలుగా ఉండే ఆ బూడిదరంగు ముందు లీసా ఫాన్‌సాగ్రీవ్స్ నిలబడితే గౌను అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆమె స్వీడన్ నుంచి వచ్చిన నర్తకి, ఆ ఏడాదే పెన్‌ని పెళ్లి చేసుకుంది. పారిస్ ఫ్యాషన్ సంస్థ రోషాస్ వాళ్ల గౌనులో ఆమె ఫోటో చూడండి. మోకాళ్ల దాకా ఒంటికి అతుక్కుని, కింద చేపతోకలా విచ్చుకుంటుంది. ఆ ఆకారం మీ కంటికి అందేది వెనక ఇంకేమీ లేదు కాబట్టే. నర్తకి కనుక బరువు ఏ కాలి మీద వేయాలో ఆమెకు తెలుసు. ఫోటో బలంలో సగం అక్కడుంది. మోడల్ చేసిన పనిని ఫోటోగ్రాఫర్ ఖాతాలో రాసేయకండి.

ఇదంతా శైలి. అర్థం కావాలంటే అదే ఏడాది ఆయన చేసిన ఇంకో పని చూడాలి. 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్‌లలో కసాయివాళ్లను, చేపలమ్మేవాళ్లను, బేకరీ పనివాళ్లను పిలిపించి, పని బట్టల్లో, చేతిలో పనిముట్లతో, అలాంటి సాదా తెర ముందే ఫోటోలు తీశారు. ఖరీదైన గౌనుకు ఏ వెలుతురో చేపల బుట్టకూ అదే వెలుతురు. ఎవరినీ చిన్నచూపు చూడలేదు, ఎవరినీ జాలిగా చూపలేదు. నా దృష్టిలో పెన్ పని మొత్తానికీ అర్థం ఇదే: బట్ట అనేది మనిషి తన గురించి చెప్పుకునే మాట. ఆ మాట వినపడేలా ఆయన చుట్టూ నిశ్శబ్దం చేశారు.

న్యూయార్క్‌లో పనిబట్టలతోనే రమ్మన్నా కొందరు గడ్డం గీసుకుని, ఆదివారం సూటు వేసుకుని వచ్చారట. అది చదివినప్పుడు మా స్టూడియోలో మేకుకు వేలాడే కోటు గుర్తొచ్చింది. చిత్తూరు వైపు పల్లెల నుంచి వచ్చిన రైతులు ఆ కోటు తొడుక్కునే ఫోటో దిగేవాళ్లు. నాన్న ఎవరినీ వద్దనలేదు. "ఆయనకి అట్లా కనపడాలని ఉందిరా" అనేవారు. పెన్ కోటు విప్పించేవారేమో, నాన్న తొడిగించేవారు. వ్యాసంలో ఈ తేడా మీద ఒక పేరా రాయండి. ఫోటోలో ఉన్న మనిషి ఇష్టం ఎంత, తీసినవాడి ఇష్టం ఎంత అనేది ఏ ఫ్యాషన్ ఫోటోలోనైనా అడగాల్సిన ప్రశ్నే.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదలని చోటు పెరూలోని కుస్కో. 1948 డిసెంబరులో, క్రిస్మస్ రోజుల్లో, అక్కడి ఫోటోగ్రాఫర్ స్టూడియోని పెన్ కొన్ని రోజులు అద్దెకు తీసుకున్నారు. అలవాటుగా డబ్బిచ్చి ఫోటో దిగడానికి వచ్చినవాళ్లకు ఆయనే ఎదురు డబ్బిచ్చి ఫోటోలు తీశారు. వాటి అందానికి దండం పెడతాను. కానీ డబ్బిచ్చి దిగే మనిషి ఆ ఫోటోని ఇంటికి తీసుకెళ్లి గోడకు పెట్టుకుంటాడు. డబ్బు తీసుకున్న మనిషి ఫోటో వేరే దేశంలో పత్రికకు వెళ్తుంది. స్టూడియో నడిపేవాణ్ణి కాబట్టి ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించదు. సాదా తెర మనిషికి గౌరవం తెస్తుంది, నిజమే. ఆ మనిషి ఊరినీ ఇంటినీ చెరిపేసేదీ అదే తెర. రెండూ రాయండి, ఒకటి దాచిపెట్టకండి.

ఒక్క జాగ్రత్త. ఫోన్‌లో చూసి రాయకండి. పెన్ 1960ల నుంచి పాత ఫోటోలను కూడా ప్లాటినం పద్ధతిలో, కాగితానికి చేత్తో రసాయనం పూసి మళ్లీ ముద్రించారు. నలుపుకీ తెలుపుకీ మధ్య ఉండే బూడిదరంగులే వాటి ప్రాణం. ఫోన్ తెర మీద అవి చాలా వరకు పోతాయి. మంచి ముద్రణ ఉన్న పుస్తకం లైబ్రరీలో దొరికితే అది తీసుకోండి.

రోషాస్ గౌను, లండన్ చేపలమ్మే ఆయన, కుస్కోలో చేతులు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు చిన్నపిల్లలు, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోండి. వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో ముందు రాయండి. తర్వాత చేతులు ఏం చేస్తున్నాయో, తర్వాత పాదాలు. గౌను పాదాలను దాచేస్తుంది, పిల్లలవి ఉత్త కాళ్లు. నాకైతే అక్కడే చాలాసేపు ఆగిపోవాల్సి వచ్చింది.