నడిమధ్యాహ్నం ఎండలో ఎర్ర లోయలు

ప్రశ్న: జూన్‌లో లాస్ వేగాస్ నుంచి కారులో బయల్దేరి ఆరు రోజుల్లో జయాన్, బ్రైస్, పేజ్ అనే ఊరి దగ్గరి యాంటిలోప్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, ఆర్చెస్, గ్రాండ్ కాన్యన్ చూడాలనుకుంటున్నాం. పోయినసారి గ్రాండ్ కాన్యన్‌లో తీసిన ఫోటోలన్నీ పాలిపోయినట్టు వచ్చాయి. కొత్త లెన్స్ కొనాలంటారా?

జవాబు: వద్దండీ. ఆ ఫోటోలు ఎన్నింటికి తీశారో ఒకసారి చూసుకోండి, చాలావరకు పదకొండుకీ మూడుకీ మధ్యే అయి ఉంటాయి. ఎండ నడినెత్తి మీద ఉంటే రాళ్లకు నీడ పడదు, నీడ లేకపోతే లోతు తెలియదు, ఒకటిన్నర కిలోమీటరుకు పైగా లోతున్న లోయ కూడా చదునుగా కనిపిస్తుంది. ఇప్పటి మీ ప్లాన్‌తో మళ్లీ అదే జరుగుతుంది, ఎందుకంటే పొద్దునా సాయంత్రమూ కారులోనే గడిచిపోతాయి. ఆర్చెస్ తీసేయండి. ఆ రాత్రి బ్రైస్‌కి ఇవ్వండి.

బ్రైస్‌లో తెల్లవారకముందే అంచు మీదికి చేరుకోండి. అక్కడ ఎత్తు 2,400 మీటర్ల పైమాటే, జూన్‌లో కూడా పొద్దున స్వెటర్ కావాలి. సూర్యుడు ఎదురుగా వస్తాడు, రాతి స్తంభాల ఇవతలి వైపు నీడలోనే ఉంటుంది, కానీ వెనక రాయి మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి వీటిని తాకుతుంది, అప్పుడు లోపల దీపం పెట్టినట్టుంటాయి. నేను చూసిన వెలుగుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మధ్యాహ్నం పనికొచ్చే చోటు యాంటిలోప్, రెండు రాతి గోడల మధ్య సందులాంటి ఇరుకు లోయ. అప్పర్ యాంటిలోప్‌లో పై సందులోంచి నేలదాకా దిగే వెలుగు కిరణాలు ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం వేళే కనిపిస్తాయి. అది నవాహో అనే అమెరికా ఆదివాసీల నేల, గైడ్ లేకుండా పంపరు, ట్రైపాడ్, బ్యాగు తేనివ్వరు. ఐఎస్ఓ, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, 1600 దాకా పెంచడానికి భయపడకండి, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకండి. రంగులను సర్దే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపునంతా చల్లార్చేస్తుంది, డేలైట్‌లో పెట్టండి. లోపల లెన్స్ మాత్రం మార్చొద్దు. పైనుంచి సన్నటి ఇసుక దారంలా రాలుతూనే ఉంటుంది, నా జూమ్ రింగు ఆ తర్వాత చాలా రోజులు కరకరమంది.

ఇంకొకటి, టైమ్. అరిజోనా రాష్ట్రంలో ఎండాకాలం గడియారం ముందుకు జరపరు, నవాహో నేల మీద జరుపుతారు. మాన్యుమెంట్ వ్యాలీలో గంట ముందుంటుంది, పేజ్‌లో అరిజోనా టైమే. ఫోన్ ఏ టవర్ అందితే ఆ టైమ్ చూపిస్తుంది కాబట్టి టూర్ ఏ టైమ్ ప్రకారమో బుక్ చేసేటప్పుడే అడిగేయండి, టెన్షన్ ఉండదు.

ప్రశ్న: గైడ్ అక్కర్లేని ఇరుకు కాన్యన్లు చాలా ఉన్నాయట. ఆగస్టులో వెళ్తున్నాం. పైన మబ్బు లేకపోతే దిగొచ్చు కదా?

జవాబు: అలా నమ్మకండి, దయచేసి. 1997 ఆగస్టు 12న లోయర్ యాంటిలోప్‌లో వరద ముంచెత్తి 11 మంది చనిపోయారు, ఆ వాన పడింది కిలోమీటర్ల దూరంలో. ఎండిన నేల, నున్నటి రాయి నీళ్లను పీల్చుకోవు, పడిందంతా ఆ ఇరుకు సందులోకే దూసుకొస్తుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఉరుములతో వానలు కురిసే కాలం. నేషనల్ వెదర్ సర్వీస్ సూచన చూసుకోండి, దగ్గర్లోని పార్కు రేంజర్లను అడగండి, వాన మాట వినిపిస్తే ఆ రోజు మానుకోండి. లోపలికి వెళ్లాక తల పైకెత్తి చూడండి: రెండు గోడల మధ్య ఎక్కడో పైన చెట్టు దుంగ ఇరుక్కుని కనిపించొచ్చు. దాన్ని అక్కడిదాకా మోసుకొచ్చింది నీళ్లే.