ఏడాది పరాయి దేశం: పిల్లలతో ఎక్కడైతే క్షేమం?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. మావారికి కంపెనీ తరఫున ఏడాదిపాటు విదేశంలో పనిచేసే అవకాశం వచ్చింది. డాలస్, మ్యూనిక్, సింగపూర్‌లలో ఏదో ఒకటి నెలాఖరులోగా తేల్చి చెప్పమన్నారు. బాబుకు ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. పాపకు మూడేళ్లు. డాలస్ దగ్గర మా బావగారు ఉన్నారు కాబట్టి అక్కడికే వెళ్లాలని మా అత్తగారి పట్టుదల. 2023లో డాలస్ దగ్గరి అలెన్ ఊరి మాల్‌లో కాల్పులు జరిగి మన హైదరాబాద్ అమ్మాయి చనిపోయినప్పటి నుంచి ఆ ప్రాంతం పేరు వింటేనే నాకు గుండె దడ. ఆ మాట చెబితే మావారు "నీకు ప్రతిదానికీ భయమే" అని కొట్టిపారేస్తున్నారు. నాకు డ్రైవింగ్ రాదు. ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ మాట్లాడేటప్పుడు తడబడతాను. మాకు ఎక్కడ క్షేమం?

సమాధానం: అమ్మా, మీ భయం అర్థం లేనిది కాదు. 2023 మే నెలలో అలెన్‌లో జరిగిన ఆ కాల్పుల్లో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని అదే చుట్టుపక్కలకు వెళ్లవలసిన తల్లికి ఆ వార్త ముల్లులా గుచ్చుకోవడం సహజం, దాన్ని పిరికితనంగా తీసిపారేయడం మీవారు చేస్తున్న పొరపాటు. అయితే ఆ ఒక్క వార్తనే కొలబద్దగా పెట్టుకుంటే మీరు కూడా పొరపడతారు. ఏడాది కాపురంలో ఎదురయ్యే కష్టాల్లో చాలావరకు పత్రికలకు ఎక్కేవి కావు. అర్ధరాత్రి బాబుకు ఆయాసం ఎగదన్నడం, పాప మెట్ల మీంచి జారిపడటం, తాళంచెవి లోపలే ఉండగా తలుపు పడిపోవడం లాంటివే ఎక్కువ.

మీవారు ఉదయం ఎనిమిదింటికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తారనుకుందాం. ఆ పది గంటలూ ఆ ఊళ్లో పిల్లలకు దిక్కు మీరే. ఎవరి సాయమూ లేకుండా మీరు బాబును డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లగలరా, ఫోన్‌లో మీ చిరునామా చెప్పి సాయం పిలవగలరా, మీ చేతిలో ఉన్న కార్డుతో బిల్లు కట్టగలరా అని ఒక్కో ఊరి గురించీ అడిగి చూసుకోండి. ఈ మూడింటికీ ఎక్కడ "అవును" అనగలరో అదే మీకు క్షేమమైన చోటు. మీవారికి క్షేమమైన చోటు, మీకు క్షేమమైన చోటు ఒకటే కావాలని లేదు.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి అనుభవం నేను మరచిపోలేదు. జర్మనీకి వెళ్లిన తొలి నెలలోనే ఒక మధ్యాహ్నం ఆమె పాపకు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. 112కు ఫోన్ చేయాలని ఆమెకు తెలుసు, అవతల ఇంగ్లిష్ వచ్చినవారే పలికారు, కానీ తాము ఉంటున్న వీధి పేరుకు ఆమెకు నోరు తిరగలేదు. పాపను భుజాన వేసుకుని, చెప్పులైనా తొడుక్కోకుండా మూడంతస్తులు దిగి, వీధి మలుపులో నీలం పలక మీద ఉన్న పేరును ఒక్కొక్క అక్షరంగా చదివి వినిపించింది. అంబులెన్స్ సమయానికే వచ్చింది, పాప కోలుకుంది. ఆ తల్లి మాత్రం ఆ తర్వాత చాలా రోజులు పిల్లతో ఒంటరిగా ఇంట్లో ఉండటానికే భయపడింది. చదువుకున్న మనిషే, ధైర్యస్తురాలే. బయలుదేరే ముందు చిరునామా పలకడం ఆమెకు నేర్పాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, అంతే.

ఇక డాలస్ సంగతి. సొంతమనిషి ఉండటం చిన్న విషయం కాదు, అత్తగారి మాటలో న్యాయం ఉంది. కాని ఆ బావగారి ఇల్లు మీరు ఉండబోయే ఇంటికి ఎంత దూరమో ముందు అడగండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల మధ్యే దాదాపు నలభై కిలోమీటర్ల దూరం ఉంది. డాలస్ నగర రైళ్ల, బస్సుల వ్యవస్థ ఫ్రిస్కో దాకా రాదు కూడా. అక్కడ కారు నడపడం రాని తల్లికి ఇల్లే లోకమైపోతుంది. ప్రభుత్వ బడి ఉచితం, చదువు ఇంగ్లిష్‌లోనే, అది మంచిదే. వైద్యానికి మాత్రం బీమా ఉన్నా చేతినుంచి ఎంతో కొంత పడుతుంది. ఎంత పడుతుందో ముందే తెలుసుకోవాలి. ఏడేళ్లు నిండని పిల్లను కారులో వదిలి, పాల డబ్బా కోసం అంగట్లోకి వెళ్లి ఐదు నిమిషాలు దాటించినా డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్ర చట్టం ప్రకారం అది నేరం. మన దగ్గర పక్కింటి పిన్నిగారికి అప్పగించి వెళ్లే అలవాటున్న మనకు ఇలాంటివి ముందుగా తెలిసి ఉండాలి. మీరు వచ్చే మూడు నెలల్లో డ్రైవింగ్ నేర్చుకోగలిగితే, బావగారి ఇల్లు నడిచి వెళ్లేంత దగ్గరలో దొరికితే డాలస్‌ను కాదనను. అవి రెండూ కుదరకపోతే మీ ఒక్క ఏడాదికి అది తగినది కాదు.

మ్యూనిక్‌లో రైళ్లు, బస్సులు బాగుంటాయి. ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉద్యోగం లేని భార్య, పిల్లలు విడిగా చందా కట్టకుండానే చేరతారు, ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లికి అది పెద్ద భరోసా. అయినా మీ బాబు వయసు పిల్లలకు అక్కడ బడి తప్పనిసరి, ఇంట్లో ఉంచి చదివించడం కుదరదు, మామూలు బడిలో పాఠమంతా జర్మన్‌లోనే సాగుతుంది. వాడు ఆ భాష అందుకునేసరికి మీరు తిరిగి వచ్చేస్తారు. మూడు నాలుగేళ్ల ప్రయాణమైతే నేను మ్యూనిక్ వైపే మొగ్గేదాన్ని.

ఏడాదికే అయితే నా ఓటు సింగపూర్‌కు. అక్కడ ఇంగ్లిష్ అధికార భాషల్లో ఒకటి. మీరు తడబడినా ఎవరూ విసుక్కోరు, అందరూ తలో యాసలో మాట్లాడేవారే. ఎంఆర్‌టీ రైలెక్కి, పిల్లల బండి తోసుకుంటూ మీరొక్కరే ఊరంతా తిరగవచ్చు. సెరంగూన్ రోడ్డుకు వెళితే కరివేపాకు, కందిపప్పు దొరుకుతాయి, శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానంలో నాలుగున్నర గంటల ప్రయాణం కాబట్టి మీ అమ్మగారికి వీసా ముందే తీసి ఉంచితే, అవసరం పడినప్పుడు మర్నాటికల్లా మీ దగ్గర ఉంటారు. అంబులెన్స్‌కు 995, పోలీసులకు 999. కేకే మహిళా, శిశు ఆసుపత్రిలో పిల్లల అత్యవసర విభాగం రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఇల్లు వెతికేటప్పుడు అక్కడికి ఎంతసేపట్లో చేరగలరో చూసుకోండి.

అయితే సింగపూర్‌లో మిమ్మల్ని ఆలోచింపజేయవలసినది ఒకటుంది. కొన్నేళ్లలో, ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబరు మధ్య, ఇండొనేషియా అడవుల్లో మంటలు రేగి పొగ ఆ ఊరిని కమ్ముకుంటుంది. 2013లో, 2015లో అది చాలా తీవ్రంగా వచ్చింది. గాలి సూచీ 100 దాటితే ఆరోగ్యానికి హాని అని లెక్క, ఆ అంకెను అక్కడి పర్యావరణ శాఖ గంటగంటకూ ప్రకటిస్తుంది. బాబు డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి, అలాంటి రోజుల్లో ఏం చేయాలో కాగితం మీద రాయించుకోండి. ఆ డాక్టరు వద్దంటే నా సలహా పక్కన పెట్టి ఆయన మాటే వినండి. మందులకు కంపెనీ పేర్లు కాకుండా అసలు రసాయనం పేర్లే రాయించండి. మన దగ్గర సాల్‌బ్యూటమాల్ అనే ఇన్‌హేలర్ మందునే అమెరికాలో ఆల్బ్యుటెరాల్ అంటారు, కంగారులో ఉన్న తల్లికి ఆ తేడా తట్టదు. పాపకు, బాబుకు డిఫ్తీరియా, తట్టు టీకాలు వేయించిన పత్రాలు కూడా సిద్ధం చేసుకోండి. పన్నెండేళ్లలోపు విదేశీ పిల్లలకు డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబం అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) ఇచ్చే ముందు సింగపూర్‌లో వాటిని పరిశీలిస్తారు.

అక్కడ ఎక్కువమంది ఎత్తైన భవనాల్లోనే ఉంటారు. మూడేళ్ల పాప ఉంది కాబట్టి కిటికీలకు గ్రిల్స్ లేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా ఒప్పుకోకండి. గ్రిల్స్ బిగించాకే సామాను దింపుతామని ఇంటి యజమానికి ముందే చెప్పించండి.

డబ్బు దగ్గరే ఈ ఎంపిక నిలిచేది, కూలేది. ప్రభుత్వ బడుల్లో విదేశీ పిల్లలకు సీటు వస్తుందన్న హామీ లేదు. సీబీఎస్‌ఈ చదువు చెప్పే భారతీయ పాఠశాలలు ఉన్నాయి, తిరిగి వచ్చాక బాబు తన తరగతిలోనే కలిసిపోవడానికి అదే మేలు, కాని ఫీజులు ఎక్కువ. అద్దెలూ ఎక్కువే. మీలాంటి విదేశీయులకు ఆసుపత్రిలో ప్రభుత్వ రాయితీ ఉండదు. కాబట్టి ఫీజు, అద్దె, బాబు ఉబ్బసాన్ని కూడా కలుపుకున్న కుటుంబ వైద్య బీమా, ఈ మూడూ కంపెనీ ఇస్తుందా అని మీవారు లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. "చూద్దాంలే" అన్న మాట మీద విమానం ఎక్కవద్దు.

మీ పాస్‌పోర్టు, పిల్లల పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో మీకు తెలిసి ఉండాలి, మీకు విడిగా ఒక బ్యాంకు కార్డు, ఫోన్ ఉండాలి. మీవారిని అనుమానించి ఈ మాట అనడం లేదు. ఆయన టూర్‌కు వెళ్లిన రోజు కూడా ఇల్లు నడవాలి కదా.

చివరగా మీ ఇద్దరి మాట. "నాకు భయంగా ఉంది" అని మొదలుపెడితే ఆయన మళ్లీ పాత జవాబే చెబుతారు. ఈ ఆదివారం పిల్లలు నిద్రపోయాక ఒక కాగితం తీసుకుని, ఇందాకటి మూడు ప్రశ్నలూ రాసి, మూడు ఊళ్లకూ జవాబులు ఆయన చేతనే రాయించండి. బాబుకు రాత్రి రెండింటికి ఆయాసం వచ్చి, తాను ఊళ్లో లేకపోతే మీరేం చేయాలో ఆయననే చెప్పమనండి. రాసుకుంటూ పోతే అది మీ ఒక్కరి భయం కాదని ఆయనకే తెలుస్తుంది. ఇద్దరూ ఒక మాటకు వచ్చాక, ఆ సంగతి అత్తగారికి మీరు కాకుండా ఆయనే చెప్పాలి, బావగారికి ఫోన్ చేయవలసినదీ ఆయనే.