రోజూ వెళ్లే దారిని బట్టి కారు: చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. అల్లుడుగారు మాన్యువలే కొందామంటున్నారని, మీ ఆఫీసులో వాళ్లంతా ఆటోమేటిక్ కొనమంటున్నారని, నీకేమో ఏదీ తేలడం లేదని రాశావు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు, ఆయన సందేహాలకూ ఇందులో జవాబులున్నాయి.

ముందు నా మాట చెప్పేస్తాను. నువ్వు ఆటోమేటిక్ తీసుకో. అయితే ఆటోమేటిక్ అంటే ఒకటే రకం అనుకుని, షోరూమ్‌లో ఏది చూపిస్తే అది బుక్ చేసి రాకు.

నీ దారి నాకు తెలుసు. నిజాంపేటలో బయల్దేరితే జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి దాటుకుని నానక్‌రామ్‌గూడ చేరాలి. ఆ దారిలో పొద్దున పూట మూడో గేరు పడటమే గొప్ప. వాన పడిన సాయంత్రమైతే ఫస్టు, న్యూట్రల్, మళ్లీ ఫస్టు. ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేవదు. ఇన్నేళ్లు డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పిస్తూ నేను గమనించింది ఒకటుంది. కొత్తగా నడిపేవాళ్లు ట్రాఫిక్‌లో తప్పు చేసేది చేతకాక కాదు. హాఫ్ క్లచ్‌లో బండి ఆగిపోతుందేమో, వెనక్కి జారుతుందేమో అన్న టెన్షన్‌లో మనసంతా కాలి దగ్గరే ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎడమ పక్క సందులోంచి బైకు దూరుతుంది. అద్దం చూడాల్సిన కళ్లు గేరు రాడ్ మీద ఉంటాయి. ఆటోమేటిక్‌లో ఆ పని తగ్గుతుంది, చూపు రోడ్డు మీద ఉంటుంది. పైగా నీ ఎడమ మోకాలు సంగతి మీ అమ్మ చెప్పింది. రోజూ రెండు పూటలా క్లచ్ తొక్కితే ఆ నొప్పి తగ్గదు.

అల్లుడుగారు అంటున్నది కూడా తప్పేమీ కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు ఊరికి వెళ్తాం, తిరుమల వెళ్తాం, అక్కడ మాన్యువల్ ఉంటేనే ధీమా అని కదా ఆయన వాదన. కానీ ఆ రెండు మూడు ప్రయాణాల కోసం మిగతా ఏడాదంతా నీ కాలు అరగదీసుకోవాలా? ఆ ప్రయాణాలు ఆటోమేటిక్‌లోనూ హాయిగా చేయొచ్చు, కాస్త పద్ధతి తెలిస్తే చాలు. అది కిందే రాశాను.

ఇక రకాలు. మీ బడ్జెట్‌లో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియో కారుతో మన దేశంలోకి వచ్చింది. వేగనార్, స్విఫ్ట్, డిజైర్, టియాగో, పంచ్, ఎక్స్‌టర్ అన్నింటిలో దొరికేది ఇదే. లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది, అంతే. అందుకే ధర తక్కువ, మాన్యువల్ మీద సుమారు యాభై వేలు ఎక్కువ. మైలేజీ కూడా పడిపోదు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కు కంపెనీ చెప్పిన లెక్క మాన్యువల్‌కు లీటరుకు 24.8 కిలోమీటర్లు, ఏఎంటీకి 25.75. రోడ్డు మీద అంత రాదనుకో, రెండింటికీ అంతే. ఆటోమేటిక్ పెట్రోలు తాగుతుందనే పాత మాట ఏఎంటీకి వర్తించదని చెప్పడానికే ఈ లెక్క.

ఏఎంటీలో ఇబ్బంది గేరు మారేటప్పుడు వచ్చే కుదుపు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే గేరు మారే ఆ క్షణంలో బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టు అవుతుంది, లోపలున్నవాళ్ల తలలు ముందుకు ఊగుతాయి. గేరు మారబోతోందని ఇంజిన్ చప్పుడు బట్టే తెలుస్తుంది. అప్పుడు పాదం కొంచెం తేలిక చేస్తే కుదుపు చాలావరకు పోతుంది. వారం రోజుల్లో కాలికి అలవాటైపోతుంది. ఇంకో సంగతి చాలామంది కొన్నాక గానీ తెలుసుకోరు. ఇలాంటి చిన్న కార్ల ఏఎంటీలో పార్కింగ్‌కు 'పీ' ఉండదు. హ్యాండ్‌బ్రేక్ వేసి, బండిని గేరులోనే ఉంచి ఇంజిన్ ఆపాలి. న్యూట్రల్‌లో వదిలేసి ర్యాంపు మీద నుంచి నడిచి వెళ్లిపోకు.

రెండోది సీవీటీ. హోండా అమేజ్‌లో, మాగ్నైట్ టర్బోలో ఉంటుంది. ఇందులో మెట్లుమెట్లుగా గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య బెల్టు జారుతూ వేగానికి తగ్గట్టు సర్దుకుంటుంది. కుదుపన్నదే తెలియదు. ఒక్కసారిగా తొక్కితే మాత్రం ఇంజిన్ ముందు అరిచి, బండి ఆ తర్వాత కదులుతుంది. నిదానంగా నడిపే నీకు అది పెద్ద లోటు కాదు. మూడోది టార్క్ కన్వర్టర్, బ్రెజాలో ఉండేది. ఇందులో క్లచ్ చేసే పనిని లోపలి నూనె చేస్తుంది. పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి, గట్టిది, కానీ మాన్యువల్ కంటే లక్షకు పైనే ఎక్కువ అవుతుంది. వెన్యూ, సోనెట్ టర్బోల్లో ఉండేది డీసీటీ, అంటే రెండు క్లచ్‌లున్న గేర్‌బాక్సు. హైవే మీద భలే చురుగ్గా ఉంటుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిపితే మాత్రం లోపలి క్లచ్‌లు వేడెక్కుతాయి. నీ దారికి అది వద్దు.

అంటే నీ వరకు పోటీ ఏఎంటీకీ సీవీటీకీ మధ్యే. డబ్బు సరిపోతే సీవీటీ తీసుకో. అప్పు పెంచుకోవాల్సి వస్తే ఏఎంటీ చాలు, సీవీటీ కోసం ఇంకో ఏడాది ఈఎంఐ కట్టక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కదా, మాన్యువల్ మీద ఏఎంటీకి అదనంగా పెట్టేది చాలావరకు ఆ తగ్గింపులోనే సర్దుకుపోతుంది. ఎలక్ట్రిక్ గురించి అడిగావు. దానికి గేర్ల గొడవే లేదు, సిటీకి బ్రహ్మాండం. కానీ మీది అద్దె ఇల్లు, సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్‌కు ఓనరు ఒప్పుకోవాలి. ఆ సంగతి తేలనిదే దాని జోలికి పోవద్దు.

టెస్ట్ డ్రైవ్ గురించి శ్రద్ధగా విను. షోరూమ్ వాళ్లు మధ్యాహ్నం పూట ఖాళీ రోడ్డు మీద ఒక రౌండు తిప్పి తెచ్చేస్తారు. దానితో ఏమీ తెలియదు. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లు. కారు మీ అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్తానని అడుగు, ఎక్కువమంది ఒప్పుకుంటారు. సెల్లార్‌లోకి దిగి, పైకి వచ్చేటప్పుడు ర్యాంపు సగంలో కారు ఆపు. బ్రేకు మీద నుంచి పాదం తీసి యాక్సిలరేటర్ మీదకు మార్చేలోపు బండి ఎంత వెనక్కి వస్తుందో చూడు. ఏఎంటీల్లో ఇక్కడే తేడా బయటపడుతుంది. హిల్ హోల్డ్ ఉన్న కారైతే ఒకటి రెండు సెకన్లు తనే పట్టుకుని నిలబడుతుంది. లేనిదైతే జారుతుంది, వెనక ఇంకో కారుంటే గుండె జారినంత పనవుతుంది. హిల్ హోల్డ్ లేని వేరియంట్ పదివేలు తక్కువకు వచ్చినా తీసుకోకు. తర్వాత అదే సెల్లార్‌లో స్తంభాల మధ్య రివర్స్ చేసి పెట్టి చూడు. బ్రేకు మీద నుంచి కాలు తేలిక చేస్తే చాలు, మెల్లగా పాకాలి. ఎగిరి దూకినట్టు కదిలే బండితో రోజూ పార్కింగ్ నరకం. అల్లుడుగారిని వెనక సీట్లో కూర్చోబెట్టు, కుదుపు ఎంతుందో ఆయనే చెబుతారు.

కారు వచ్చాక కాళ్ల సంగతి. మాన్యువల్ నేర్చుకున్న నీ ఎడమ కాలు మొదట్లో క్లచ్ కోసం వెతుక్కుంటుంది. వెతుక్కుని బ్రేకును తొక్కిందంటే బండి నడిరోడ్డు మీద గక్కున ఆగిపోతుంది, వెనకున్నవాడు గుద్దుతాడు. ఎడమ కాలిని పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టు, అక్కడి నుంచి కదపొద్దు. కుడి మడమను బ్రేకుకు సూటిగా నేల మీద ఆనించి, యాక్సిలరేటర్ కోసం పాదం ముందు భాగాన్ని మాత్రమే తిప్పు. పార్కింగ్‌లో కంగారుపడి బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కి గోడకు గుద్దేవాళ్లలో ఎక్కువమంది మడమ ఎత్తి ఒక పెడల్ నుంచి ఇంకోదానికి గెంతేవాళ్లే. చెప్పులు తెగిపోయేలా ఉన్నవి, ఎత్తు మడమలవి వేసుకుని నడపొద్దు. సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు బ్రేకు మీదే పట్టుకో, యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకు. ఏఎంటీలో అలా చేస్తే క్లచ్ ప్లేటు కాలిపోతుంది, ఆ వాసన నీకే తెలుస్తుంది. ఇంకో మాట. ఎడమ చెయ్యి ఖాళీ అయింది కదా అని అది ఫోన్ మీదకు పోతుంది. ఆటోమేటిక్‌తో నాకున్న భయం ఇదొక్కటే. ఫోన్ వెనక సీట్లో బ్యాగులో పడెయ్.

ఇప్పుడు అల్లుడుగారి తిరుమల. ఎక్కడం కష్టమేమీ కాదు, 'డీ'లో, అంటే మామూలుగా ముందుకు నడిపే డ్రైవ్‌లో పెట్టి ఎక్కేయొచ్చు. జాగ్రత్తంతా దిగేటప్పుడే. మొదటి ఘాట్‌రోడ్డులో దిగుతూ డీలోనే వదిలేస్తే, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే బండి పై గేరులోకి పోతుంది, వేగం పెరుగుతుంది, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ ఉండాలి. కొంత దూరం పోయేసరికి బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పట్టు తగ్గుతుంది. ఏఎంటీ అయితే 'ఎం'లోకి, అంటే గేరు మనమే మార్చుకునే మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరులో ఉంచాలి. సీవీటీ అయితే 'ఎల్' (లో) గానీ 'ఎస్' (స్పోర్ట్) గానీ, ఏదుంటే అది. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే వాడొచ్చు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్ వేయడం, ఇంజిన్ ఆపేయడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. ఎలాగూ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడ నియమం ఉంది, తొందరపడి చేసేదేమీ లేదు. శ్రీశైలం, అరకు ఘాట్లకూ ఇదే పద్ధతి.

విజయవాడ హైవే మీద ఏ కారైనా ఒకటే. మాచర్ల వైపు లాంటి రెండు వరుసల రోడ్డు మీద లారీని దాటాలంటే ఏఎంటీ గేరు దించడానికి ఒక క్షణం ఆలోచిస్తుంది. దాటబోయే ముందే 'ఎం'లో పెట్టి ఒక గేరు తగ్గించి ఉంచుకోమని అల్లుడుగారికి చెప్పు.

బ్యాటరీ దిగిపోతే మాన్యువల్‌ను నలుగురు తోసి స్టార్ట్ చేసినట్టు ఆటోమేటిక్‌ను చేయలేరు. డిక్కీలో జంపర్ కేబుల్ పెట్టుకోండి. బండి ఆగిపోయి లాక్కెళ్లాల్సి వస్తే తాడు కట్టి లాగనివ్వొద్దు, ఫ్లాట్‌బెడ్ లారీయే పిలవండి.

మీ తమ్ముడు కూడా అడుగుతున్నాడట. వాడికి మాన్యువలే కొనమను. వాడు తిరిగేది ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లు, ఖాళీ రోడ్లు, పైగా సీఎన్‌జీ కావాలంటున్నాడు. సీఎన్‌జీలో ఆటోమేటిక్ 2024 నుంచి టియాగో, టిగోర్‌లతో రావడం మొదలైంది గానీ మాన్యువల్‌లోనే ఎక్కువ రకాలు దొరుకుతాయి. వాడి దారికి క్లచ్ భారం కాదు, మిగిలిన డబ్బు ఇన్సూరెన్స్‌కు పనికొస్తుంది.

లైసెన్సు గురించి కంగారు పడకు. మన దగ్గర ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సు మాన్యువల్, ఆటోమేటిక్ రెండింటికీ చెల్లుతుంది. నువ్వు ఎప్పుడైనా లండన్ వెళ్లి అక్కడ ఆటోమేటిక్‌లో పరీక్ష రాస్తేనే ఆటోమేటిక్ వరకే పరిమితం చేస్తారు. మాన్యువల్ చెయ్యి మాత్రం పోగొట్టుకోకు. ఊరికి వచ్చినప్పుడల్లా మీ నాన్న పాత కారు ఒకసారి చెరువుగట్టు దాకా తీసుకెళ్లి రా.

బుక్ చేసేముందు రెండు కార్లూ సెల్లార్ ర్యాంపు మీద నడిపి చూసి, ఏది ఎంత జారిందో నాకు రాయి. డెలివరీ ఆదివారం పెట్టించుకో, నేను వస్తాను. ఆ పొద్దున ట్రాఫిక్ లేనప్పుడు నీ ఆఫీసు దారిలో ఇద్దరం ఒకసారి వెళ్లొద్దాం.

ఉంటాను,
పెద్దమ్మ