మాస్క్ పెట్టుకోగానే సేఫ్టీ గాగుల్స్‌కి ఆవిరి పడుతోంది, ఏవి కొనాలి?

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంట్‌లో ప్రొడక్షన్‌లో కొత్తగా చేరానని, మాస్క్ పెట్టుకున్న కాసేపటికే గాగుల్స్ మసకబారుతున్నాయని, పవర్ అద్దాలు కూడా ఉన్నాయని రాసి, మంచి యాంటీ ఫాగ్ బ్రాండ్ చెప్పమన్నారు. నేను విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో ఏళ్ల తరబడి రియాక్టర్ల (రసాయనాలు కలిపి చర్య జరిపే పెద్ద పాత్రల) దగ్గరే పనిచేశాను. సముద్రపు గాలి ఉక్క, లోపల రియాక్టర్ల వేడి, వీటి మధ్య నాకు తెలిసినంతవరకు చెబుతాను. బ్రాండ్ సంగతి చివర్లో చూడొచ్చు.

ముందు ఒక మాట. మామూలు కళ్లజోడు ఆకారంలో ఉండే సేఫ్టీ గ్లాసెస్‌కి పక్కల ఖాళీ ఉంటుంది, గాలి ఆడుతుంది, ఆవిరి తక్కువ పడుతుంది. అందుకే చాలామంది వాటికే మొగ్గుతారు. కానీ కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం, ఘాటైన క్షారం) చిందితే అదే ఖాళీలోంచి కంట్లోకి పోతుంది. యాసిడ్ కన్నా క్షారం కంట్లో ఇంకా లోతుకి దిగుతుంది. మీ పనికి ముఖానికి అతుక్కుని ఉండే గాగుల్సే కావాలి. వాటిలోనూ ఇన్‌డైరెక్ట్ వెంట్ ఉన్నవే తీసుకోండి. అంటే గాలి రంధ్రాల మీద మూతలు ఉండి, గాలి మెలిక తిరిగి లోపలికి వస్తుంది, చుక్క సూటిగా రాలేదు. ఫ్రేము చుట్టూ నేరుగా చిల్లులు కనిపించే డైరెక్ట్ వెంట్ రకం ద్రవాలు పోసే చోట పనికిరాదు.

ఆవిరి విషయం ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, నాతో పనిచేసిన ఒకాయన నైట్ షిఫ్ట్‌లో కాస్టిక్ ఛార్జింగ్ (రియాక్టర్‌లోకి కాస్టిక్ పోసే పని) మధ్యలో ఏమీ కనబడక గాగుల్స్ నుదుటి మీదికి జరుపుకున్నాడు. సరిగ్గా అప్పుడే హోస్ జాయింట్ దగ్గర లీకై చుక్కలు ఎగిరాయి. ఐ వాష్ (కళ్లు కడిగే కుళాయి) పక్కనే ఉంది కాబట్టి, ఇద్దరం పట్టుకుని రెప్పలు తెరిచి పావుగంట పైగా నీళ్లు కొట్టాం కాబట్టి చూపు దక్కింది. ఆయనకి స్టోర్స్‌లో ఇచ్చిన గాగుల్స్‌కి యాంటీ ఫాగ్ పూత లేదు.

పూత ఉందో లేదో అట్ట మీద రాసింది చూసి నమ్మకండి, లెన్స్ మీదే చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 166 ప్రకారం చేసినవైతే లెన్స్ అంచున సన్నటి అక్షరాలు ఉంటాయి. వాటిలో ఇంగ్లిష్ 'ఎన్' ఉంటే ఆవిరి పరీక్ష పాసైనట్టు, 'కె' ఉంటే గీతలు తట్టుకుంటుందని. ఫ్రేము మీద '3' అంటే ద్రవాల చుక్కలకి పనికొస్తుందని. అమెరికా జెడ్ 87.1 ప్రమాణంలో చిందే ద్రవాలకి 'డి3' గుర్తు ఉంటుంది, 2020 నుంచి యాంటీ ఫాగ్‌కి 'ఎక్స్' గుర్తు కూడా వస్తోంది. అయితే 'ఎన్' గుర్తుకి కావలసింది వేడినీటి ఆవిరి మీద కనీసం 8 సెకన్లు మసకబారకుండా ఉండటమే. మీ షిఫ్ట్ 8 గంటలు. అందుకని ఒక్క జత తెచ్చి, మీరు పనిచేసే చోటే, మీ మాస్క్‌తోనే ఒక షిఫ్ట్ అంతా వాడి చూడండి. అది నిలబడితేనే అందరికీ తెప్పించమనండి.

చాలాసార్లు అసలు దోషం మాస్క్‌ది. ఊపిరి ముక్కు పక్క సందుల్లోంచి పైకి తన్ని చల్లటి లెన్స్‌కి తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీళ్లు పట్టినట్టే ఇదీ. ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో రెండు వైపులా సమంగా నొక్కండి. ఒక చేత్తో చిటికేస్తే మధ్యలో మడత పడి సందు మిగిలిపోతుంది. మాస్క్ ముందు, గాగుల్స్ తర్వాత. గాగుల్స్ అంచు మాస్క్ మీదికి ఎక్కకూడదు. ఏసీ గదిలోంచి ప్రొడక్షన్ బ్లాక్‌లోకి వచ్చినప్పుడు లెన్స్ కాస్త వేడెక్కేదాకా ఆగి పనిలోకి దిగండి.

పవర్ అద్దాలున్నవాళ్లకి కష్టం రెట్టింపు, లోపలి అద్దానికీ ఆవిరి పడుతుంది. అద్దాల మీద పట్టేంత వెడల్పున్న గాగుల్స్ దొరుకుతాయి, లోపల గాలి ఎక్కువ ఉండేది చూసుకోండి. లోపల పవర్ లెన్స్ బిగించుకునే రకం దొరికితే ఇంకా మంచిది. మామూలు పవర్ అద్దాలు మాత్రం రక్షణ కింద లెక్కకు రావు.

పూతని పాడుచేసేది తుడవటమే. కాటన్ వేస్ట్‌తో (మెషిన్లు తుడిచే నూలు పీచుతో), అదీ అసిటోన్ అనే సాల్వెంట్‌తో తడిపి తుడిచేవాళ్లని చూశాను. పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) లెన్స్ అసిటోన్‌కి వెంట్రుకల్లాంటి పగుళ్లు ఇస్తుంది, దెబ్బ తట్టుకునే శక్తి పోతుంది. కుళాయి నీళ్ల కింద పెట్టి, అవసరమైతే ఒక చుక్క మెత్తటి సబ్బు వేసి, లోపలి వైపు రుద్దకుండా కడిగి, నీడన ఆరబెట్టండి. పూత అరిగి మళ్లీ మసకబారడం మొదలైతే ఆ జతని మార్చేయాలి.

ఇక, ఇవి మీ జేబులోంచి కొనుక్కోవలసినవి కావు. కళ్లకి ప్రమాదమున్న చోట తగిన గాగుల్స్ ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే రాశారు. "ఆవిరి పడుతోంది, ఛార్జింగ్ మధ్యలో తీయాల్సి వస్తోంది" అని సేఫ్టీ ఆఫీసర్‌కి కాగితం మీద రాసివ్వండి. నోటిమాటగా చెబితే ఇండెంట్ (సరుకు తెప్పించమని పెట్టే కోరిక) దాకా వెళ్లదు. మీ బ్లాక్‌లో పౌడర్ ఛార్జింగ్ ఎక్కువో లిక్విడ్లు ఎక్కువో, ఏ మాస్క్ వాడుతున్నారో రాయండి, దాన్ని బట్టి ఏ మోడల్ అడగాలో చెబుతాను.