రాత్రిళ్లు వేళ్లలో తిమ్మిర్లు.. రంగుల వల్లేనా?

ప్రశ్న: నా వయసు 46. వాటర్ కలర్స్‌తో రెండు బొమ్మలు వేసి, సన్నటి పట్టీలుగా కోసి, ఒకటి పడుగుగా, ఇంకోటి పేకగా చాపలా అల్లుతాను. రెండు నెలలుగా రోజూ ఐదారు గంటలు ఇదే పని. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి మెలకువ వస్తే చెయ్యి విదిలిస్తాను, తగ్గుతుంది. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటాను. రంగుల్లోని కెమికల్సే కారణమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రంగుల వల్ల కాకపోవచ్చు. బ్రష్ మొన నోట్లో పెట్టుకునే అలవాటుంటే మాత్రం మానండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి.

నాకు టెన్షన్ పెట్టింది మీరు వాడుతున్న మాత్ర. ఎన్ని రోజులుగా, రోజుకు ఎన్ని? రాయలేదు. బీపీ మందు వాడేవాళ్లు డైక్లోఫెనాక్ సొంతంగా మింగకూడదమ్మా. బీపీ పెరుగుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది, కడుపులో పుండ్లు పడొచ్చు. పైగా నరం నొక్కుకుపోతే ఈ మాత్రతో పెద్దగా ఫలితం ఉండదు. ఈరోజే ఆపి, మీ బీపీ డాక్టరుకు చెప్పండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించండి. బీపీ మాత్ర మాత్రం ఆపొద్దు.

మీరు చెప్పిన వేళ్లు, రాత్రి మెలకువ, విదిలిస్తే తగ్గడం చూస్తే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనిపిస్తోంది. చెయ్యి చూడకుండా ఖాయంగా చెప్పలేను. మణికట్టులో ఇరుకు దారి గుండా మీడియన్ నరం వెళ్తుంది. 300 జీఎస్ఎం లాంటి మందపాటి కాగితాన్ని మణికట్టు వంచి, బ్లేడు గట్టిగా అదిమి కోస్తుంటే ఆ నరం ఒత్తిడికి గురవుతుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నా ఇది వస్తుంది కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించండి. మెడ దగ్గర నరం నొక్కుకుందేమో కూడా డాక్టర్ చూడాలి. అవసరమైతే నరం ఎలా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రాస్తారు.

వరంగల్ కొత్తవాడ నుంచి దర్రీలు నేసేవాళ్లు ఇదే బాధతో నా దగ్గరికి వస్తుంటారు. కొందరు బొటనవేలి కింద కండ కరిగాక వస్తారు. అప్పుడు ఆపరేషన్ చేసినా ఆ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మీరు ఇన్నాళ్లు ఊరుకున్నారు, ఇక ఆగకండి. ఈ వారమే ఆర్థోపెడిక్ లేదా న్యూరాలజీ డాక్టర్‌ను కలవండి. ఈలోగా రాత్రి మణికట్టు నిటారుగా ఉండేలా స్ప్లింట్ కట్టుకోండి. అల్లే పనిని అరగంటకోసారి ఆపండి. కోయడం కొన్నాళ్లు ఇంకెవరికైనా అప్పగించండి.

ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చెయ్యీ బలహీనమైనా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.